కలివి కోడి గొంతు: అడవిని విన్నవాళ్ళ చరిత్ర

ఇలాంటి ప్రత్యేక సంచికల్లో మన చరిత్ర అంటే ఎక్కువగా పోరాటాల చరిత్రే రాస్తాం. రంప, గూడెం, జోడేఘాట్. రాయవలసిందే, ఇంకా రాయవలసింది చాలా ఉంది. అయితే విల్లు పట్టిన చేతుల గురించి రాసినంతగా, ఆ చేతులకు దారి చూపిన చెవుల గురించి మనం రాసుకోలేదు. అందుకే సంఘం పెద్దలు ఈసారి చరిత్ర మీద వ్యాసం రాయమన్నప్పుడు నేను ఒక పిట్ట చరిత్ర ఎంచుకున్నాను. పిట్టకథ అని నవ్వకండి. ఇందులో ఒక దేశపు శాస్త్రజ్ఞులందరూ ఉన్నారు, మన తెలుగు నేల ఉంది, పుస్తకాలు చదవని మనుషులకు తెలిసిన ఒక రహస్యం ఉంది.

కడప జిల్లాలో సిద్దవటం, బద్వేలు ప్రాంతాల మధ్య లంకమల కొండలున్నాయి. కొండ దిగువన దట్టమైన అడవి ఉండదు. తుమ్మ, రేగు, కలివి పొదలు, మధ్యమధ్య ఖాళీ నేల. పశువులు మేపుకునేవాళ్ళకు తప్ప ఎవరికీ పనికిరాదనిపించే నేల. అక్కడ ఒక పిట్ట ఉంది. జానెడు కంటే కొంచెం పెద్దది, మట్టి రంగు, రొమ్ము మీద అడ్డంగా రెండు పట్టీలు. పగలంతా పొదల నీడలో కదలకుండా ఉంటుంది, చీకటి పడ్డాక బయటికి వచ్చి పురుగులు ఏరుకుంటుంది. ఎగరడం కంటే పరుగెత్తడమే దానికి ఇష్టం. కలివి పొదల్లో తిరుగుతుంది కనుక అక్కడివాళ్ళు దాన్ని కలివి కోడి అంటారు. ప్రపంచం మాత్రం జెర్డన్స్ కోర్సర్ అంటుంది.

థామస్ జెర్డన్ ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యంలో వైద్యుడు. కొన్నాళ్ళు నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. మందుల పెట్టె కంటే పిట్టల మీద, చీమల మీద, పాముల మీద ఆయనకు ధ్యాస ఎక్కువ. నెల్లూరు ప్రాంతపు యానాదుల దగ్గర ఆయన ప్రకృతి సంగతులు చాలా తెలుసుకున్నాడు. యానాదులంటే తెలుసు కదా, పొలం గట్టు మీద నడుస్తూనే ఏ ఎలుక బొరియలో ప్రాణి ఉందో, ఏది ఉత్తదో చెప్పగలవాళ్ళు. ఆయన సేకరించిన ఈ పిట్టకు 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ అనే మరో దొర శాస్త్రీయ నామం పెట్టాడు. తరువాత 1862-64 మధ్య జెర్డన్ భారతదేశపు పక్షుల మీద పెద్ద గ్రంథం వేశాడు. అందులో నాకు నచ్చే విషయం, చాలా పక్షులకు ఆయన తెలుగు పేర్లు కూడా అడిగి రాసుకోవడం. ఈ పిట్టకు ఆయన రాసుకున్న తెలుగు పేరు కలివి కోడి కాదు. ఇంగ్లీషు అక్షరాల్లో ఆయన రాసిన దాన్ని మనం చదువుకుంటే 'అడవి ఉత్తతిత్తి' అవుతుంది. ఉత్త తిత్తి అంటే ఖాళీ సంచి అని అర్థం కూడా ఇచ్చాడు.

ఖాళీ సంచి ఏమిటి, పిట్టేమిటి? తీతువు అరుపు ఒకసారి గుర్తు చేసుకోండి. చెరువు గట్టు మీద, చేలల్లో, మనిషి అలికిడి అయితే చాలు, నెత్తిన తిరుగుతూ ఒకటే గోల పెడుతుంది. ఆ అరుపును నోటితో పలికి చూడండి: ఉత్తిత్తి, ఉత్తిత్తి. ఇది నా ఊహే కానీ, పేరు పెట్టినవాళ్ళు ముందు విన్నారు, తరువాత ఆ చప్పుడులో మాటను వెతుక్కున్నారు, ఆ మాటలో అర్థం తరువాత దొరికింది. దాని చుట్టమైన ఈ రాత్రి పిట్టకు 'అడవి' అని ముందు చేర్చారు. పొలం పిట్ట వేరు, అడవి పిట్ట వేరు, రెండూ ఒక వంశంలాంటివే అని ఆ ఒక్క పేరులో ఉంది. మా శిక్షణ కళాశాలలో వర్గీకరణ అనే పాఠం చెప్పారు. అది ఇదే.

జెర్డన్ తరువాత ఒకరిద్దరు ఈ పిట్టను గోదావరి లోయలోనూ చూశారు. 1900లో అనంతపురం దగ్గర హోవార్డ్ క్యాంప్‌బెల్ అనే ఆయన చూసినది చివరి దాఖలా. ఆ తరువాత పుస్తకాల్లో ఆ పిట్ట లేదు. పెద్ద పెద్ద వాళ్ళు వెతికారు. దొరకలేదు. అంతరించిపోయింది అనుకున్నారు. ఎనభై ఆరేళ్ళు గడిచాయి.

1980లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ ఈ పిట్ట కోసం మళ్ళీ పని మొదలుపెట్టింది. భరత్ భూషణ్ అనే యువ పరిశోధకుడు కడప ప్రాంతానికి వచ్చి ఊళ్ళలో బొమ్మలు చూపించి అడిగాడు. వేటకు పోయేవాళ్ళను, పిట్టలు పట్టేవాళ్ళను అడిగాడు. మాకు తెలుసు అన్నవాళ్ళు దొరికారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే స్థానిక వేటగాడు రాత్రిపూట టార్చిలైటు వెలుగులో ఆ పిట్టను పట్టి చూపించాడు. సలీం అలీ అప్పటికి బతికే ఉన్నారు. దేశమంతా పత్రికలు రాశాయి. రెండేళ్ళకు, 1988లో, అక్కడ శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తరువాత 2005 ప్రాంతంలో తెలుగు గంగ కాలువ పనులు ఆ పొదల నేల మీదికి వచ్చినప్పుడు, ఈ పిట్ట కోసం కాలువ దారి మార్చవలసి వచ్చింది. ఒక పిట్ట కాలువను పక్కకు జరిపిందంటే చిన్న విషయం కాదు.

ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేసుకోవాలి. ఆ ఎనభై ఆరేళ్ళు ఆ పిట్ట ఎవరికి కనబడలేదు? ఐతన్నకు, ఆయనలాంటి వాళ్ళకు దానికో పేరుంది, అది ఏ వేళ ఎక్కడ తిరుగుతుందో తెలుసు. వాళ్ళ లెక్కలో అది ఒక్కరోజు కూడా అంతరించలేదు. వాళ్ళను అడగకపోవడం వల్ల పుస్తకంలో చచ్చిపోయింది, అడిగిన రోజు బతికింది. పగటిపూట దుర్భిణి పట్టుకుని తిరిగితే రాత్రి పిట్ట ఎలా కనబడుతుంది? భరత్ భూషణ్ గొప్పతనం కూడా నేను తక్కువ చేయను. ఎవరిని అడగాలో ఆయనకు తెలిసింది, వాళ్ళు చెప్పింది నమ్మాడు. చదువుకున్నవాడు చదువుకోనివాడి మాట నమ్మి రాత్రిపూట పొదల్లో నిలబడటం మన దేశంలో అంత తేలికగా జరిగే పని కాదు.

కథ అక్కడితో అయిపోలేదు. పిట్ట దొరికింది కానీ ఎన్ని ఉన్నాయి, ఎక్కడెక్కడ ఉన్నాయి అన్నది తేలలేదు. రాత్రి పిట్ట, సిగ్గరి పిట్ట, కంటితో లెక్కపెట్టడం కుదరదు. 2000 తరువాత జగన్నాథన్ అనే పరిశోధకుడు, ఆయన తోటివారు అక్కడ పనిచేసి రెండు పద్ధతులు పట్టుకున్నారు. ఒకటి, పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి, తెల్లారి వాటి మీద అడుగులు చూడటం. రెండోది వినడం. పొద్దు గూకి చీకటి చిక్కబడే వేళ కొద్దిసేపు మాత్రమే ఆ పిట్ట రెండు ముక్కల కూత కూస్తుంది. ఆ తరువాత రాత్రంతా దాదాపు మౌనం. ఆ కూతను మొదటిసారి రికార్డు చేసిన సంగతి 2004లో ప్రచురించారు. అప్పటినుంచి ఆ రికార్డు వినిపించి, జవాబు వస్తుందా అని చెవులు రిక్కించి వెతకడం మొదలైంది. అడుగుజాడ, కూత. మన తాతలు అడవిలో వాడిన రెండు పనిముట్లూ ఇవే. శాస్త్రం చాలా దూరం తిరిగి మళ్ళీ వాటి దగ్గరికే వచ్చింది.

ఆ తరువాత మళ్ళీ చాలా ఏళ్ళు ఎవరికీ కనబడలేదు. ఇక లేదేమో అన్నారు మళ్ళీ. 2025 ఆగస్టులో కొందరు పక్షి పరిశీలకులు ఆంధ్రప్రదేశ్‌లోనే దాని ఉనికి పట్టుకున్నారు. దొరికింది ముందు గొంతే.

లంకమల నుంచి ఉత్తరంగా పోతే నల్లమల. నేను పనిచేసే ఆడపిల్లల హాస్టల్ ఆ కొండల అంచున ఉంది. చెంచు పెంటల నుంచి వచ్చిన పిల్లలు, యానాది పిల్లలు, సుగాలి తండాల పిల్లలు కలిసి ఉంటారు. కలివి కోడి కథ నాకు పుస్తకాల్లో దొరికింది కానీ, వినడం అంటే ఏమిటో ఈ పిల్లల దగ్గర, వాళ్ళను చూడటానికి వచ్చే తాతల దగ్గర తెలిసింది.

ఒక సాయంత్రం స్టడీ అవర్‌లో బయట తీతువు అదేపనిగా అరిచింది. వంట చేసే అమ్మ వెంటనే గుండెల మీద చేయి వేసుకుని, ఎవరికో మూడిందమ్మా అంది. మైదానంలో పెరిగిన మనకు తీతువు అంటే చావు కబురు. బల్లి పలికితే శకునం, కాకి అరిస్తే చుట్టాలు. ఏడో తరగతి చదివే చెంచు పిల్ల తల కూడా ఎత్తకుండా, "గుడ్ల కాడికి కుక్క పోయినట్టుంది మేడం, నేల మీద పెడతది గదా" అంది. టార్చి తీసుకుని వెళ్ళి చూస్తే గోడ అవతల రాళ్ళ నేల మీద నిజంగానే కుక్క ఉంది. ఒకే అరుపు. ఒకరు దాన్ని తమ గురించి విన్నారు, ఒకరు దాన్ని పిట్ట గురించి విన్నారు. అడవిని వినడం అంటే బహుశా ఇంతే: ఆ చప్పుడు నా కోసం కాదు, దానికి దాని పని ఉంది అని ముందు ఒప్పుకోవడం.

నల్లమలలో ఈ విద్య ప్రాణం మీది విద్య. కొండముచ్చు మామూలుగా కూసే కూత వేరు, పులినో చిరుతనో చూసి దగ్గినట్టు గట్టిగా అరిచే అరుపు వేరు. చెట్టు మీద ఉంటుంది కనుక దానికి దూరం కనబడుతుంది. అరుపు ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు జరుగుతుంటే కింద జంతువు అటు నడుస్తోందని లెక్క. దుప్పి తొందరపడి అరుస్తుంది, చిన్న అనుమానానికి కూడా. కణితి అలా కాదు. అది ఊరికే అరవదు, అరిచిందంటే పెద్ద జంతువు దగ్గర్లో ఉన్నట్టే. అంటే చప్పుడు వినడం ఒక్కటే చాలదు, చెప్పేవాడి స్వభావం తెలియాలి. ఎవరి మాట ఎంత నమ్మాలో తెలియాలి. ఇది తరగతి గదిలో చెప్పే సాక్ష్యాల పరిశీలన కంటే ఏం తక్కువ?

తేనె సంగతి మీకు తెలుసు. కొండ చరియ మీది పెర కోసం చెంచువాడు తాడు మీద దిగితే, పైన తాడు పట్టుకునేది బావమరిది. అక్కాచెల్లెళ్ళ బతుకు ఆ తాడు మీద ఉంటుంది కనుక బావమరిది చేయి వదలడని నమ్మకం. ఈ కథ అందరూ చెప్తారు. చెప్పనిది, దిగేవాడు ఈగల రొద వింటూ దిగుతాడన్నది. ఒక పిల్ల తాత నాతో అన్నాడు: రొద మారితే కిందికి పోగూడదు, అడగ్గూడదు, పైకి రావాల. ఎలా మారుతుంది తాతా అంటే చెప్పలేకపోయాడు. "ఇనాల. శానా సార్లు ఇనాల" అన్నాడు. నేర్చుకోవడం ఎలా అని అడిగితే, ముందు నీ కాలి చప్పుడు నువ్వు వినాలి, దాన్ని తగ్గించాలి, అప్పుడు మిగతావి వినబడతాయి అన్నాడు. అయిదారేళ్ళ పిల్లవాడు తండ్రి వెనక నడుస్తాడట. ఎవరూ పాఠం చెప్పరు. తండ్రి ఆగితే ఆగాలి. ఎందుకు ఆగాడో తానే కనుక్కోవాలి. నేను చదివిన బోధనా పద్ధతుల పుస్తకాల్లో పరిశీలన, అన్వేషణ అని పెద్ద మాటలు ఉన్నాయి, ఇంత శుభ్రంగా మాత్రం లేదు.

ఈ విద్యకు కావలసింది ఒక్కటే, అడవిలో నడవడం. ఆ నడకే చరిత్రలో మెల్లగా తగ్గిపోయింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో కృష్ణకు ఇవతలి అడవులు రిజర్వు అడవులయ్యాయి. ఎక్కడికి పోవాలి, ఏం తేవాలి అన్నది గార్డు చేతిలోకి వెళ్ళింది. అవతల నిజాం రాజ్యంలో, 1940లో హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త అమ్రాబాద్ పీఠభూమి చెంచులతో కలిసి తిరిగాడు. 1943లో వాళ్ళ మీద పుస్తకం వేశాడు. తవ్వుకోల పట్టుకుని గడ్డలు తవ్వే ఆడవాళ్ళ గురించి, వేటకు ముందు గారెల మైసమ్మకు మొక్కే మగవాళ్ళ గురించి అందులో ఉంది. ఈ మనుషులను అడవి నుంచి విడదీస్తే ఏమవుతారో ఆయనకు అప్పుడే అర్థమైంది. 1978లో నాగార్జునసాగర్ - శ్రీశైలం అభయారణ్యం వచ్చింది, 1983లో అది పులుల రిజర్వు అయింది. రాష్ట్రం విడిపోయాక అవతలిది అమ్రాబాద్ పులుల రిజర్వు అయింది. పులిని కాపాడటం తప్పు అని నేను అనను. కానీ ప్రతి కంచెతోనూ కొన్ని దారులు మూసుకుపోయాయి, ఆ దారుల్లో వినవలసినవి కూడా మూసుకుపోయాయి.

ఇందులో ఒక వింత ఉంది. అదే పులుల రిజర్వులో బేస్ క్యాంపుల్లో కాపలా కాసేది చాలావరకు చెంచు యువకులే. పులి అడుగు చూసి ఎప్పటిదో చెప్పేది, కొండముచ్చు అరుపు విని అధికారిని ఆపేది వాళ్ళే. కెమెరాలు ఏ చెట్టుకు కట్టాలో వాళ్ళ మాట మీదే తేలుతుంది. తండ్రి వెనక నడిచి నేర్చుకున్న విద్యకు ఇప్పుడు నెల జీతం వస్తోంది, సంతోషం. మరి వాళ్ళ పిల్లలు ఎక్కడ నడుస్తున్నారు? మా హాస్టల్లో. జూన్ నుంచి ఏప్రిల్ దాకా. ఇప్పపూలు రాలే కాలంలో పరీక్షలు. తేనె కాలంలో కూడా చాలావరకు ఇక్కడే. పదేళ్ళు ఇలా గడిస్తే ఆ చెవి ఎక్కడి నుంచి వస్తుంది? చదువు వద్దని నా నోట ఎవరూ వినరు. జ్వరం వస్తే ఆసుపత్రిలో రాసిన చీటీ చదవలేక పోయిన ప్రాణాలు నాకు తెలుసు. చదువు కావాలి, అది ఆ చెవిని ఖరీదుగా తీసుకోకూడదు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా బడి బయటి జీవితంతో జ్ఞానాన్ని కలపమనే చెప్పింది. మా పిల్లలకు బడి బయటి జీవితం అంటే ఇదే.

చట్టంలో ఒక దారి ఉంది, మన సంఘాలు దాన్ని సరిగా వాడటం లేదని నా అభిప్రాయం. 2006 అటవీ హక్కుల చట్టంలో పట్టాల గురించే అందరం మాట్లాడతాం. అదే చట్టం మూడో సెక్షన్‌లో జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సామూహిక హక్కు కూడా రాసి ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి స్థానిక సంస్థలో ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. స్థానిక పేర్లు, స్థానికులకు తెలిసిన సంగతులు అందులో ఎక్కించాలి. మీ పంచాయతీలో ఆ రిజిస్టరు ఉందా, ఉంటే ఎవరిని అడిగి నింపారు అని సంఘం తరఫున వెళ్ళి చూడండి. ఆఫీసులో కూర్చుని నింపినది ఒక్క పేజీ తిప్పితే తెలిసిపోతుంది, అందులో పిట్టల పేర్లన్నీ పాఠ్యపుస్తకం పేర్లే ఉంటాయి. చెప్పినవాళ్ళ పేరు కూడా పక్కన రాయించండి. కలివి కోడి విషయంలో ఐతన్న పేరు మిగిలింది. 1840లలో జెర్డన్‌కు ఉత్తతిత్తి అని పలికి చూపినవాళ్ళ పేరు ఎక్కడా లేదు.

మా హాస్టల్లో మేం ఒక లాంగ్‌బుక్ పెట్టాం. సెలవులకు వెళ్ళి వచ్చిన పిల్లలు అందులో రాయాలి. పిట్ట లేదా జంతువు పేరు మీ ఇంట్లో ఏమంటారు, ఏ వేళ అరుస్తుంది, అరుపు ఎలా ఉంటుంది, ఎవరు చెప్పారు. అరుపును అక్షరాల్లో రాయడం దగ్గర పెద్ద గొడవలు జరుగుతాయి. ఒక పిల్ల రాసింది ఇంకో పిల్ల కొట్టేస్తుంది, అలా కాదు ఇలా అని ఇద్దరూ నోటితో అరిచి చూపిస్తారు, గదంతా నవ్వులు. రెండూ ఉంచమంటాను. యానాది పిల్ల రాసిన పేరుకు, చెంచు పిల్ల రాసిన పేరుకు ఒకే పిట్ట అని కొన్నిసార్లు కూత వల్లే తేలుతుంది. ఫోన్‌లో రికార్డు చేసి తెచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. ఒక రికార్డులో రాత్రి ఏదో రెండు ముక్కల్లో కూస్తుంది, వెనక నాయనమ్మ "మాట్లాడొద్దు, ఇను" అని గుసగుసగా అనడం వినబడుతుంది. అది ఏ పిట్టో మా బుక్కులో ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది. దసరా సెలవులకు వెళ్ళినప్పుడు నాయనమ్మను అడిగి రమ్మని ఆ పిల్లకు చెప్పాను.